వాలుగాలి

తెరచాప రోజుల్లో వాలుగాలంటే వరం.
మా తాత దానికి ఎన్ని కొబ్బరికాయలు బాకీపడ్డాడో లెక్కలేదు.
ఇక్కడ, ఫ్రేజర్‌బరాలో, ఆ మాట తిరగబడింది.
గాలి వెనకనుంచి వచ్చి
పడవ ఎంత వేగమో అంతే వేగంతో నడిచిన రోజు
పొగ ఎటూ పోదు.
మాతోనే వస్తుంది,
అప్పిచ్చినవాడిలా.

మార్గరెట్ ఐల్సా. రొయ్యల పడవ, పంతొమ్మిది మీటర్లు.
ఇంజను నాకంటే రెండేళ్ళు పెద్దది.
పొగగొట్టానికి చుట్టిన పట్టీ ఒకచోట నల్లబడి, ఊడి
మానని పుండు మీది కట్టులా వేలాడుతుంది.
దానికీ నా తలగడకీ మధ్య ఒక్క ఇనప రేకు.

రొట్టెలో డీజిలు, టీలో డీజిలు.
పొద్దున ముఖం కడుక్కుని ఉమ్మితే
సింకులో కాటుక.
"మన లోపలా ఒక ఇంజను తిరుగుతోంది తమ్ముడూ"
అని నవ్వుతాడు క్వెసి.
అతని నవ్వు సగంలో దగ్గవుతుంది.
దగ్గు సగంలో నవ్వు కావడం మాత్రం
నేనింతవరకు చూడలేదు.

పడకగది మూత మూస్తే పొగ, తీస్తే వాన.
మేం పొగనే ఎంచుకున్నాం,
అది పొడిగా ఉంటుంది కనక.

రేవు పక్క గదిలో ఊపిరి పరీక్ష.
నర్సు మొరాగ్ అట్టగొట్టం నోట్లో పెట్టి
"ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా" అని
పందెంలో ఎద్దును అదిలించినట్టు అదిలించింది.
పిల్లప్పుడు లంగరు రాళ్ళలో చిక్కితే
నీళ్ళలో మునిగి నూటపది లెక్కపెట్టినవాణ్ణి.
ఆరు సెకన్లు ఊదలేకపోయాను.
తెరమీద గీత గబగబా కొండెక్కి
దిగే దారిలో కూలబడింది.

"రోజుకెన్ని సిగరెట్లు?"
"తాగనమ్మా."
ఆమె పెన్ను ఆగింది.
ఆ కాగితంలో సిగరెట్టుకి గడి ఉంది,
బొగ్గుగనికి ఉంది, పావురాలకి కూడా ఉంది.
మా పడవకి లేదు.
అంచున ఖాళీ చూసి, చిన్న అక్షరాల్లో, ఏదో రాసింది.

మా పడకల పైన గోడకి ఒక తెల్లటి బిళ్ళ ఉండేది.
వాసన లేని విషానికి అది ముక్కు.
ఊరికే కూస్తోందని బ్యాటరీలు పీకి
టార్చిలో వేసుకున్నాడు స్కిప్పర్ గావిన్ డథీ.
చెడ్డవాడేం కాదు. జీతం తేదీ తప్పడు.
చుక్కాని గదిలో అతనూ దగ్గుతాడు,
మాకు వినబడకుండా, రేడియో గొంతు పెంచి.

మొరాగ్ దగ్గర్నుంచి వస్తూ కొట్టులో
రెండు బ్యాటరీలు కొన్నాను.
ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రాత్రి, వాలుగాలి.
మూడు గంటలకి ఆ బిళ్ళ కీచుమంది,
పిల్లని ఎత్తుకుపోతుంటే తల్లి అరిచినట్టు.
లోబట్టల్లోనే పైకి ఎగబాకాం.
డెక్కు మీద లెక్క చూస్తే ఒకడు తక్కువ.
తిట్టడానికి వచ్చిన గావిన్
తిట్టు నోట్లోనే ఉంచుకుని కిందకి దూకాడు.
క్వెసిని చంకల కింద పట్టి లాక్కొచ్చాం,
తడిసిన వలంత బరువు.

అప్పుడు ఏమీ మాట్లాడకుండా
పడవ ముక్కు గాలికి ఎదురు తిప్పాడు గావిన్.
మంచు ముళ్ళతో కొట్టింది ఎదురుగాలి.
క్వెసి కళ్ళు తెరిచి, కక్కుకుని,
తన భాషలో వాళ్ళమ్మని పిలిచాడు.
అంత తియ్యని దెబ్బ నేనెప్పుడూ తినలేదు.

ఇప్పుడు బ్యాటరీల జోలికి ఎవరూ పోరు.
గొట్టానికి కొత్త పట్టీ వచ్చింది.
కానీ ఆ బిళ్ళ అరిచేది ఒక్కసారిగా చంపే పొగకే.
రోజుకింత కొరుక్కుతినే పొగకి
అది మూగది.

అందుకే రేవుకొచ్చినప్పుడల్లా
టీ కప్పు బల్ల అవతలి అంచున పెట్టి ఊదుతాను.
క్వెసి సెకన్లు లెక్కపెడతాడు, కొంచెం మోసం చేస్తూ.
పోయిన వారం ఆవిరి కదల్లేదు.
ఇవాళ
కొద్దిగా వంగింది.